బల్ల ఎవరిది? టేబుల్‌టాప్ ఆటల చరిత్రలో స్థానిక దుకాణం (1974–2020)

వ్యాససంగ్రహం

1970ల నుండి అమెరికా, బ్రిటన్‌లలో విస్తరించిన టేబుల్‌టాప్ ఆటల వ్యాప్తిలో స్థానిక ఆటల దుకాణం నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఆటల చరిత్ర ఇంతవరకు ఎక్కువగా రూపకర్తల చుట్టూ, ప్రచురణ సంస్థల చుట్టూ తిరిగింది. లేక్ జెనీవా, లండన్ నగరాలలోని తొలి దుకాణాలను, 1993 తరువాతి కార్డుల వర్తకాన్ని ఆధారం చేసుకొని, దుకాణం సరుకు అమ్మే చోటుగా కంటే ఆటగాడికి ఎదుటి ఆటగాడిని సమకూర్చే చోటుగా ఎక్కువ పనిచేసిందని, ఆ పనికి వెల కట్టలేకపోవడమే దాని బలహీనతకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టేబుల్‌టాప్ ఆటలు, చిల్లర వర్తకం, డంజన్స్ అండ్ డ్రాగన్స్, గేమ్స్ వర్క్‌షాప్, మ్యాజిక్ ద గాదరింగ్, మూడవ చోటు.

1. ఉపోద్ఘాతం

అష్టాచెమ్మా ఆడడానికి దుకాణం అక్కరలేదు. అరుగుమీద సుద్దముక్కతో గీసిన గళ్లు, నాలుగు గవ్వలు, విరిగిన గాజుముక్కలో చింతపిక్కలో కాయలుగా ఉంటే చాలు. పులిమేక పటం గుడి మండపం బండమీద ఎవరో ఎప్పుడో చెక్కి ఉంచుతారు, కూర్చున్నవారు ఆడుకుంటారు. నియమాలు పెద్దలు చెప్పగా పిల్లలకు వస్తాయి, తప్పు ఆడితే పక్కనున్నవారే దిద్దుతారు. ఎదుటి ఆటగాడి కోసం వెతకవలసిన అవసరం కూడా అరుదు, ఆ నియమాలు ఊరందరికీ తెలిసినవే కాబట్టి. ఆటకు కావలసిన మూడు వనరులూ, అంటే పరికరం, నియమం, తోడు, ఒకే చోట ఉచితంగా దొరికే ఏర్పాటు ఇది.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికాలో, బ్రిటన్‌లో రూపొందిన కొత్తతరం ఆటలలో ఈ మూడూ విడిపోయాయి. నియమాలు పదుల పుటల పుస్తకాలయ్యాయి. పరికరాలు ఇంట్లో చేసుకోదగినవి కాకుండా పోయాయి. ఆ ఆట తెలిసిన మరొక మనిషి పక్కవీధిలో కాదు కదా, పక్క ఊరిలో ఉన్నా అదృష్టమే. విడిపోయిన ఈ మూడింటిని మళ్లీ ఒక కప్పు కిందికి తెచ్చిన వ్యవస్థ స్థానిక ఆటల దుకాణం. అది వర్తకసంస్థ కావడం వల్ల దాని చరిత్రను వర్తకచరిత్రగా మాత్రమే చూసే అలవాటు ఏర్పడింది. అక్కడ అమ్ముడైన సరుకు ఎంత అన్న ప్రశ్నకంటే, అమ్మకం లేని సాయంత్రాలలో అక్కడి బల్లల చుట్టూ జరిగినది ఏమిటి అన్న ప్రశ్న ఈ క్రీడావ్యాసంగ చరిత్రకు ఎక్కువ అవసరం.

2. దుకాణానికి పూర్వం: తపాలా

యుద్ధక్రీడల మూలాలు 1824లో ప్రష్యా సైన్యం కోసం రైస్విట్జ్ రూపొందించిన క్రీగ్‌ష్పీల్ వరకు వెళతాయి. సైనికాధికారుల శిక్షణకు పుట్టిన ఆ పద్ధతిని పౌరుల వినోదంగా మలచినవారిలో హెచ్.జి.వెల్స్ ఒకడు, బొమ్మ సైనికులతో ఆడే నియమాలను ఆయన 1913లో పుస్తకంగా ప్రచురించాడు. అయితే ఈ ఆటలు అట్టపెట్టెలలో సరుకుగా మారడం 1950లలో, బాల్టిమోర్ ప్రాంతానికి చెందిన చార్లెస్ రాబర్ట్స్ చేతిలో మొదలైంది. 1954లో టాక్టిక్స్ అనే ఆటను ఆయన తపాలా ద్వారా అమ్మాడు. 1958లో అవలాన్ హిల్ సంస్థను స్థాపించి గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని ఆటగా తెచ్చాడు.

పెట్టె కొన్నవాడికి వెంటనే ఎదురైన సమస్య, దాన్ని ఎవరితో ఆడాలన్నది. అవలాన్ హిల్ 1964లో ప్రారంభించిన ద జనరల్ పత్రికలో ప్రత్యర్థులు కావలెను అనే శీర్షిక ఉండేది. పాఠకులు తమ ఊరు, చిరునామా ఇచ్చి ఎదుటి ఆటగాడిని కోరేవారు. దగ్గరలో ఎవరూ దొరకనివారు తమ ఎత్తులను ఉత్తరాలలో రాసి పంపుకొని, నెలల తరబడి ఒకే ఆట ఆడేవారు. ఎదురుగా కూర్చోవలసిన మనిషిని తపాలాపెట్టెలో వెతుక్కోవడం ఆ ఆటల దుఃస్థితికి చిహ్నం. ఆ ఉత్తరాల బంధమే తరువాత సమావేశాలకు దారితీసింది. 1968లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాలో, హార్టికల్చరల్ హాలు అద్దెకు తీసుకొని గ్యారీ గైగాక్స్ నిర్వహించిన జెన్ కాన్ వాటిలో ముఖ్యమైనది. కానీ సమావేశం ఏడాదికి ఒకసారి వచ్చే తిరనాళ్ల వంటిది. మిగిలిన ఏడాదంతా ఆటగాడికి కావలసినది వారపు సంత.

3. అసంపూర్ణమైన పెట్టె

గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974 జనవరిలో వెలువడింది. ప్రచురించినది గైగాక్స్ తన మిత్రుడు డాన్ కేతో కలిసి అంతకు కొన్ని నెలల ముందే స్థాపించిన టీఎస్ఆర్ సంస్థ. తొలి ముద్రణ 1000 ప్రతులు. చెక్కరంగు పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. వెల 10 డాలర్లు. పెట్టెలు సర్దే పని చేతితోనే సాగింది.

ఈ పెట్టె గురించి చరిత్రకారులు చాలా రాశారు. ఇక్కడ గమనించవలసినది అందులో లేనివాటిని. ఆట ఆడడానికి కావలసిన బహుముఖ పాచికలు అందులో లేవు. నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల ఆ పాచికలను గైగాక్స్ బృందం పాఠశాలలకు గణిత బోధనోపకరణాలు అమ్మేవారి వద్ద తెప్పించి విడిగా అమ్మింది. పోరాటాల కోసం 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే వేరే నియమావళిని, అడవులలో ప్రయాణాల కోసం అవలాన్ హిల్ ప్రచురించిన అవుట్‌డోర్ సర్వైవల్ ఆటలోని పటాన్ని దగ్గర ఉంచుకొమ్మని ఆ పుస్తకాలే సూచించాయి. అంటే కొన్న పెట్టెతో ఆట మొదలు కాదు. పైగా ఆ పుస్తకాల రచన ఎంత అస్పష్టమంటే, అంతకుముందు ఆడినవారు పక్కన లేకుండా చదివినవాడికి ఆట ఎలా సాగాలో ఊహించుకోవడమే కష్టం. తొలినాటి ఆటగాళ్లలో చాలామంది పుస్తకం చదివి కాక, ఆడుతున్నవారిని చూసి నేర్చుకున్నారు. కొందరికి పుస్తకమంటే ఎవరో ఇచ్చిన జిరాక్స్ ప్రతే.

ఒక సరుకులోని లోపం ఒక వ్యవస్థకు అవకాశమయింది. పాచికలు ఒకచోట, నియమాలు ఒకచోట, బొమ్మలు మరొకచోట తయారయ్యే స్థితిలో ఇవన్నీ ఒకే బీరువాలో పెట్టి, ఎలా వాడాలో చెప్పగల మనిషి కావలసివచ్చాడు. అప్పటికే అమెరికాలో రైలునమూనాలు, విమాననమూనాలు అమ్మే అభిరుచి దుకాణాలు ఉండేవి. తొలినాళ్లలో ఈ ఆటలు వాటి మూల అరలలో చోటు చేసుకున్నాయి. తరువాత ఆటలకే ప్రత్యేకించిన దుకాణాలు వచ్చాయి. న్యూయార్క్‌లోని కంప్లీట్ స్ట్రాటజిస్ట్ అటువంటి తొలితరం దుకాణాలలో పేరుపొందినది. టీఎస్ఆర్ స్వయంగా 1976లో లేక్ జెనీవాలో ఒక పాత ఇంటిని తీసుకొని, అందులో తన కార్యాలయంతో పాటు డంజన్ హాబీ షాప్ అనే దుకాణాన్ని నడిపింది. ప్రచురణకర్త, వర్తకుడు, ఆటగాడు ఒకే ఇంట్లో ఉన్న దశ అది. ఎక్కువకాలం నిలవలేదు.

పాచికల విషయంలో ఒక చిన్న ఉదంతం. 1979 నాటికి ఆట గిరాకీ ఎంత పెరిగిందంటే, ప్రారంభకుల పెట్టెలో పెట్టడానికి టీఎస్ఆర్‌కు పాచికలు చాలలేదు. వాటికి బదులు అంకెలు ముద్రించిన అట్టముక్కలు పెట్టి, ఒక గిన్నెలో వేసి కలిపి తీసుకొమ్మని చెప్పింది. అష్టాచెమ్మాకు గవ్వలు దొరక్కపోతే చింతగింజలను అరగదీసి వాడే ఉపాయానికి ఇది దూరపుచుట్టం.

4. లండన్: చిరునామా లేని దుకాణం

బ్రిటన్‌లో క్రమం తలకిందులయింది. అక్కడ దుకాణం కంటే దుకాణం కోసం వచ్చినవారు ముందు కనిపిస్తారు. ఇయన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్, జాన్ పీక్ అనే ముగ్గురు పాఠశాల మిత్రులు 1975లో పశ్చిమ లండన్‌లోని షెపర్డ్స్ బుష్‌లో తాము అద్దెకుంటున్న వాటాలో గేమ్స్ వర్క్‌షాప్‌ను ప్రారంభించారు. వారి తొలి సరుకు చెక్కతో చేసిన ఆటపలకలు: బ్యాక్‌గామన్, గో, నైన్ మెన్స్ మారిస్, మంకాలా. చివరి రెండూ తెలుగునాట దాడి ఆటగా, వామనగుంటలుగా తెలిసిన ఆటల కుటుంబానికి చెందినవే. నేలమీద గీతలతో, గుంటలతో ఉచితంగా ఆడుకునే ఆటలను నగిషీ పలకలుగా చేసి అమ్మడంతో మొదలైన సంస్థ, ఇంట్లో ఎవరూ చేసుకోలేని ఆటల సామ్రాజ్యంగా ఎదగడం ఈ చరిత్రలోని వింతలలో ఒకటి.

ఔల్ అండ్ వీజల్ అనే చిన్న వార్తాపత్రిక ద్వారా వీరికి టీఎస్ఆర్‌తో పరిచయం కలిగింది. వారు తెప్పించుకున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రతులు ఆరు. ఆ ఆరు ప్రతుల బేరంతో ఐరోపా మొత్తానికి మూడేళ్ల ఏకైక పంపిణీహక్కు లభించింది. పాత్రధారణ ఆటలపై ఆసక్తి లేని పీక్ 1976లో తప్పుకున్నాడు. ఇంతలో ఆట పేరు విన్నవారు పత్రికలోని చిరునామా పట్టుకొని, అక్కడ దుకాణం ఉంటుందనుకొని ఆ వాటా తలుపు తట్టసాగారు. వచ్చేపోయేవారి తాకిడికి విసిగిన ఇంటియజమాని ఖాళీ చేయించాడు. లివింగ్‌స్టన్, జాక్సన్ ఒక చిన్న గదిని కార్యాలయంగా అద్దెకు తీసుకొని, రాత్రులు జాక్సన్ వ్యానులో పడుకుంటూ, స్నానానికి ఒక స్క్వాష్ క్లబ్బులో సభ్యత్వం తీసుకొని కొన్ని నెలలు గడిపారు.

ఈ కథను వ్యాపారవేత్తల పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. చరిత్రకు అంతకంటె పనికివచ్చే అంశం తలుపు తట్టినవారి ప్రవర్తన. వస్తువును తపాలాలో తెప్పించుకొనే వీలుండగా వారు మనిషిని వెతుక్కుంటూ వచ్చారు. వారికి కావలసినది పెట్టె ఒక్కటే కాదు. 1978 ఏప్రిల్‌లో హామర్‌స్మిత్‌లోని 1, డాలింగ్ రోడ్డులో గేమ్స్ వర్క్‌షాప్ తొలి దుకాణం తెరిచేనాటికి గిరాకీ సిద్ధంగా ఉంది. అంతకు ఏడాది ముందు, 1977 జూన్‌లో మొదలైన వైట్ డ్వార్ఫ్ పత్రిక ఆ దుకాణానికి పాఠకులను, ఆ పాఠకులకు దుకాణం చిరునామాను అందించింది. ఆ అరలలో టీఎస్ఆర్ పుస్తకాలే కాక ట్రావెలర్, రూన్‌క్వెస్ట్ వంటి ఇతర అమెరికన్ సంస్థల ఆటలు కూడా ఉండేవి; వాటిలో కొన్నిటిని గేమ్స్ వర్క్‌షాప్ బ్రిటన్‌లో తానే ముద్రించింది.

మలుపు లోహపు బొమ్మలతో వచ్చింది. బ్రయన్ ఆన్సెల్‌తో కలిసి నెలకొల్పిన సిటడెల్ మినియేచర్స్ బొమ్మలు పోతపోసేది. ఆ బొమ్మలకు గిరాకీ పెంచే నియమావళిగా 1983లో వార్‌హామర్, 1987లో దాని భవిష్యకాలరూపమైన వార్‌హామర్ 40,000 వచ్చాయి. 1980ల మధ్యలో ఆన్సెల్ సంస్థ నిర్వాహకుడయ్యాడు, ప్రధానకార్యాలయం నాటింగ్‌హామ్‌కు మారింది. ఆ దశాబ్దం ముగిసేలోగా గేమ్స్ వర్క్‌షాప్ దుకాణాలలో ఇతరుల సరుకు దాదాపు కనుమరుగయింది; వైట్ డ్వార్ఫ్ కూడా సొంత సరుకుల పత్రికగా మారింది. 1994లో సంస్థ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదయింది. నేడు ప్రపంచవ్యాప్తంగా దానికి ఐదువందలకు పైగా సొంత దుకాణాలున్నాయి, వాటిలో ఎక్కువభాగం ఒకే ఉద్యోగి నడిపేవి.

ఈ మార్పును ద్రోహంగా వర్ణించే పాత ఆటగాళ్లున్నారు. ఆ ఆవేదనలో నిజం ఉంది: అన్నిరకాల ఆటలనూ పరిచయం చేసిన చోటు ఒకే ఆటకు గుడి అయింది. అయితే దుకాణపు బోధనా పాత్రను ఇంత క్రమబద్ధంగా అమలుచేసిన సంస్థ మరొకటి లేదన్నది కూడా అంతే నిజం. గుమ్మం దాటి వచ్చిన కుర్రవాడికి ఉద్యోగి బల్లవద్ద ఒక చిన్న ఆట ఆడించి చూపుతాడు. మొదటి బొమ్మకు రంగు వేయడం దగ్గరుండి నేర్పుతాడు. రంగు వేయడం నేర్చినవాడు రంగులు కొంటాడు, కుంచెలు కొంటాడు, సైన్యం పూర్తయ్యేవరకు బొమ్మలు కొంటూనే ఉంటాడు. గురుకులానికీ అంగడికీ మధ్య గీత ఎక్కడో చెప్పడం కష్టమైన స్థలం అది.

5. కార్డులు, గాజుపెట్టె, శుక్రవారం

స్వతంత్ర దుకాణాల స్వరూపాన్ని మార్చినది 1993 ఆగస్టు. సియాటిల్ ప్రాంతంలోని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే చిన్న సంస్థకు రిచర్డ్ గార్‌ఫీల్డ్ మొదట రోబోర్యాలీ అనే బోర్డుఆటను ఇవ్వజూపాడు. దాన్ని అచ్చువేసే స్తోమత లేని పీటర్ ఆడ్‌కిసన్, సమావేశాలలో ఖాళీ సమయాలలో ఆడదగిన, చేతిలో పట్టే, చౌకగా తయారయ్యే ఆట అడిగాడు. అలా పుట్టిన మ్యాజిక్ ద గాదరింగ్‌లో ప్రతి ఆటగాడు తన కార్డులకట్టను తానే కూర్చుకుంటాడు. కొన్న పొట్లంలో ఏ కార్డు వస్తుందో విప్పేదాకా తెలియదు. తొలి ముద్రణ 26 లక్షల కార్డులు. అవి అయిపోగానే వేసిన రెండవ ముద్రణ 70 లక్షలకు పైబడింది. అదీ నిలవలేదు. విడుదలకు ముందు ఆడ్‌కిసన్ అమెరికా పశ్చిమతీరం వెంట దుకాణాలకు వెళ్లి, కౌంటరు దగ్గర ఆట ఆడి చూపి వర్తకులను ఒప్పించాడు. ప్రకటనలకు డబ్బులేని సంస్థకు వర్తకుడే ప్రకటన.

ఈ ఆట ఆర్థికనిర్మాణం దుకాణానికి రెండు కొత్త పాత్రలిచ్చింది. మొదటిది మారకపుకేంద్రం. ఒక అరుదైన కార్డు ఒకడికి అక్కరలేకుండా దొరుకుతుంది, మరొకడు దానికోసం వెతుకుతుంటాడు. దుకాణదారు మొదటివాడి వద్ద కొని, గాజుపెట్టెలో పెట్టి, రెండవవాడికి అమ్ముతాడు. ఈ వర్తకంపై ప్రచురణకర్తకు అధికారం లేదు. ఒకసారి అమ్మిన ప్రతిపై మళ్లీ ధర నిర్ణయించే హక్కు ముద్రణకర్తకు ఉండదని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే బాబ్స్-మెరిల్ కేసులో తేల్చింది. 1994 నుండి స్క్రై వంటి ధరలపత్రికలు రావడంతో కౌంటరు మీద బేరానికి ఒక ప్రామాణికం దొరికింది. కొత్త పెట్టెల మీద లాభం సన్నగిల్లిన ఏడాదుల్లో ఎన్నో దుకాణాలను నిలబెట్టినది ఈ గాజుపెట్టె.

రెండవ పాత్రకు రావడానికి ముందు, ఈ గిరాకీ తెచ్చిపెట్టిన ఒక ప్రమాదాన్ని గుర్తుచేసుకోవాలి. 1993–94లో అడిగినంత సరుకు ఎవరికీ అందేది కాదు. టోకువర్తకులు అడిగినదానిలో కొంతభాగమే పంపుతుండడంతో, చిల్లరవర్తకులు తమకు కావలసినదానికి రెట్టింపులు మూడింతలు రాసి పంపడం అలవాటు చేసుకున్నారు. 1994 నవంబరులో ఫాలెన్ ఎంపైర్స్ అనే సంపుటి వచ్చినప్పుడు విజార్డ్స్ భారీగా అచ్చువేసింది, రాసినదంతా వచ్చిపడింది. చెల్లించవలసిన డబ్బు నిజం, కొనేవారు మాత్రం ఊహాజనితం. కోరిక తీరడం కూడా శిక్షే కావచ్చునని ఎందరో చిన్నవర్తకులు ఆ శీతాకాలంలో గ్రహించారు. ఆ సంపుటి కార్డులు దశాబ్దాల తరువాత కూడా చౌకగానే దొరికాయి.

రెండవ పాత్ర వేదిక. కార్డులకట్ట కూర్చుకున్నవాడికి దాన్ని పరీక్షించే ప్రత్యర్థులు కావాలి, ఒకరిద్దరు చాలరు. 1964లో ద జనరల్ పత్రిక ఉత్తరాలతో తీర్చిన అవసరాన్ని విజార్డ్స్ దుకాణాలతో తీర్చింది. పోటీలను క్రమబద్ధం చేసే డీసీఐ అనే సంస్థాగత విభాగం, 1996 నుండి వృత్తిస్థాయి పోటీలైన ప్రో టూర్, 2000లో ప్రతి శుక్రవారం సాయంత్రం దుకాణాలలో జరిగే ఫ్రైడే నైట్ మ్యాజిక్ ఒకదానివెంట ఒకటి వచ్చాయి. శుక్రవారపు పోటీలో గెలిచినవారికి దుకాణంలో మాత్రమే లభించే ప్రత్యేక కార్డు ఇచ్చేవారు. దుకాణదారు వెనకగదిలోని అట్టపెట్టెలు తీసి మడతబల్లలు, కుర్చీలు వేశాడు. చాలా చోట్ల అరలకంటే బల్లలు ఎక్కువ చోటు ఆక్రమించాయి.

విజార్డ్స్ సొంతదుకాణాల ప్రయోగం మాత్రం విఫలమయింది. పోకెమాన్ కార్డుల లాభాలతో ఉప్పొంగిన 1999లో అది గేమ్ కీపర్ అనే దుకాణాల శ్రేణిని కొన్నది; అదే ఏడాది హాస్‌బ్రో చేతికి వెళ్లింది; 2004 నాటికి సొంతదుకాణాలన్నిటినీ మూసివేసింది. గేమ్స్ వర్క్‌షాప్ సాధించినది విజార్డ్స్ సాధించలేకపోవడానికి కారణం సరుకు స్వభావంలోనే ఉన్నదనిపిస్తుంది. బొమ్మల సైన్యం ఒకే సంస్థ నుండి కొనేది. కార్డుల ఆటకు ప్రాణమైన విడికార్డుల మారకం మాత్రం, ప్రచురణకర్త తలదూర్చడానికి వెనుకాడే బజారు. దాన్ని నడిపే స్వేచ్ఛ స్వతంత్రవర్తకుడికే ఉంది.

6. కుర్చీ ఖరీదు

అమెరికా ఆటల వర్తకంలో చిల్లరవర్తకుడు ముద్రితధరలో సగానికి కాస్త అటూ ఇటూగా చెల్లించి సరుకు తెచ్చుకుంటాడు. మిగిలిన సగంలోంచి అద్దె, కరెంటు, జీతాలు రావాలి. వీటికి తోడు బల్లలు పరచిన చోటు ఉంది. అక్కడ అరలు ఉంటే సరుకు పట్టేది. కుర్చీలు ఉండడంతో మనుషులు పడతారు. నాలుగు గంటలు కూర్చున్న ఆటగాడు ఒక సోడా కొనవచ్చు, కొనకపోవచ్చు.

ఈ చిక్కును అర్థశాస్త్రం ముందే గుర్తించింది. లెస్టర్ టెల్సర్ 1960లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, ఉత్పత్తిదారులు చిల్లరధరను తామే నిర్ణయించాలని ఎందుకు కోరుకుంటారన్న ప్రశ్నకు సమాధానం వెతికాడు. వస్తువును చూపి, వివరించే వర్తకుడికి ఖర్చవుతుంది. వినియోగదారుడు అక్కడ విని, ఆ ఖర్చులేని మరొక వర్తకుడి వద్ద చౌకగా కొంటాడు. చివరకు వివరించేవాడే మిగలడు. ఆటల దుకాణం ఈ సిద్ధాంతానికి పాఠ్యపుస్తకపు ఉదాహరణ. 1990ల చివరినుండి అంతర్జాల విక్రేతలు ముద్రితధరపై గణనీయమైన తగ్గింపు ఇవ్వడంతో, దుకాణంలో ఆడి నేర్చుకొని ఇంటికి పోయి కంప్యూటరు ముందు కొనడం సాధారణమయింది. 2007లో లీజిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కనీస చిల్లరధర ఒప్పందాలు వాటంతట అవే చట్టవిరుద్ధం కావని తీర్పు చెప్పడంతో ప్రచురణకర్తలకు కొంత వెసులుబాటు కలిగింది. అస్మోడీ సంస్థ ఉత్తర అమెరికాలో 2016 నుండి, గుమ్మం ఉన్న దుకాణానికి ఒక షరతు, అంతర్జాల విక్రేతకు మరొక షరతు పెట్టింది. దుకాణదారులు హర్షించారు, తగ్గింపుకు అలవాటుపడిన ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ మండిపాటులో బల్లకు అయ్యే ఖర్చు ప్రస్తావన మాత్రం తక్కువ.

సమాజశాస్త్రజ్ఞుడు రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రతిపాదించిన మూడవ చోటు భావనను ఆటల దుకాణానికి అన్వయించడం పరిపాటి అయింది. ఇల్లు మొదటిది, పని రెండవది. కాఫీహోటలు, క్షౌరశాల వంటివి మూడవవి. పోలిక ఆకర్షణీయమే, కానీ పూర్తిగా నప్పదు. ఓల్డెన్‌బర్గ్ దృష్టిలో మూడవ చోటు అంతస్తులను చెరిపే చోటు, గుమ్మంలో అడుగుపెట్టిన ఎవరికైనా అక్కడ మాట కలుస్తుంది. ఆటల దుకాణం గుమ్మం చాలాకాలం అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. గ్యారీ అలన్ ఫైన్ మినియాపొలిస్ ప్రాంతపు పాత్రధారణ ఆటగాళ్ల మధ్య క్షేత్రపరిశోధన చేసి 1983లో ప్రచురించిన గ్రంథం, ఆ బృందాలలో స్త్రీలు ఎంత కొద్దిమందో, ఉన్నవారు ఎటువంటి మాటలు వినవలసివచ్చేదో నమోదుచేసింది. ఆయన ప్రధానంగా గమనించిన బృందం కలుసుకొన్నది దుకాణంలో కాదు, ఒక పోలీసుస్టేషనులోని సామాజికసమావేశపు గదిలో. కానీ ఆ బృందాలకు సభ్యులను అందించిన దుకాణాల వాతావరణం వేరుగా ఉండేదనుకోవడానికి ఆధారం లేదు. నియమం తెలిసినవాడిదే అక్కడ పైచేయి. తెలియనివారికి నేర్పడం, వారిని నవ్వులపాలు చేయడం అనే రెండు అలవాట్లూ ఒకే బల్లచుట్టూ పెరిగాయి. ఏది గెలిచేదన్నది చాలావరకు కౌంటరు వెనక కూర్చున్న మనిషి స్వభావంపై ఆధారపడింది. స్థానికదుకాణం బలమూ బలహీనతా ఒకటే: దానికి ఒక ముఖం ఉంటుంది.

7. దుకాణాన్ని దాటిపోయే దారులు

ప్రచురణకర్త దుకాణం లేకుండా ఆటగాడిని చేరుకొనే ప్రయత్నం కొత్తదేమీ కాదు. టీఎస్ఆర్ 1979లో ర్యాండమ్ హౌస్‌తో ఒప్పందం కుదుర్చుకొని సాధారణ పుస్తకదుకాణాలలోకి వెళ్లింది. అమ్ముడుపోని ప్రతులను తిరిగి పంపే పుస్తకవర్తకపు ఆచారమే చివరకు దాని మెడకు చుట్టుకుంది. 1996లో తిరిగివచ్చిన సరుకు భారంతో కుంగి, 1997లో విజార్డ్స్‌కు అమ్ముడయింది. తిరిగి పంపే హక్కులేక, కొన్న ప్రతిని తానే భరించే చిన్న ఆటల దుకాణం ప్రచురణకర్తకు ఎంత సురక్షితమైన ఖాతాదారో ఆ పతనం చూపింది.

2009లో మొదలైన కిక్‌స్టార్టర్ మరొక దారి తెరిచింది. ఆట అచ్చుకాకముందే ఆటగాళ్లు నేరుగా డబ్బు చెల్లిస్తారు. 2020లో ఫ్రాస్ట్‌హేవెన్ అనే ఆటకు ఈ పద్ధతిలో కోటి ఇరవై లక్షల డాలర్లకు పైగా సమకూరింది. అటువంటి ఆట దుకాణానికి చేరేసరికి దాన్ని అత్యంత ఆసక్తితో కొనేవారంతా కొనేసి ఉంటారు. విజార్డ్స్ 2019 డిసెంబరులో సీక్రెట్ లేర్ పేరుతో ప్రత్యేక కార్డులను నేరుగా ఆటగాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, దుకాణాలలో దొరకని, ఆటలో మాత్రం చెల్లే కొత్తకార్డులను అదే దారిలో విడుదల చేసినప్పుడు వర్తకులు, ఆటగాళ్లు కలిసి నిరసన తెలిపారు. ఆ రెండు వర్గాలు ఒకేవైపు నిలబడడం అరుదు.

2020 మార్చిలో కొవిడ్ కారణంగా దుకాణాలలో ఆటలు నిలిచిపోయాయి. విజార్డ్స్ తన అనుబంధ దుకాణాలలో పోటీలను ఆపింది, గేమ్స్ వర్క్‌షాప్ తన దుకాణాల తలుపులు మూసింది. అరల మీది సరుకు గుమ్మం దగ్గర అందించడానికి, తపాలాలో పంపడానికి వీలుంది. బల్లను పంపడానికి లేదు. అమ్మకం, ఆట అనే రెండు పనులు ఒకదానినుండి మరొకటి ఇంత స్పష్టంగా విడిపడి కనిపించిన సందర్భం అంతకుముందు లేదు.

బల్లకే వెల కట్టవచ్చునన్న ఆలోచన అప్పటికి పదేళ్లనాడే కెనడాలో ఆచరణలోకి వచ్చింది. 2010లో టొరాంటోలో బ్లూర్ వీధిలో తెరుచుకున్న ఆటల కాఫీహోటలులో గోడలనిండా ఆటపెట్టెలున్నాయి, కానీ వచ్చినవారు వాటిని కొననవసరం లేదు. తలకు ఇంత అని రుసుము చెల్లించి, కావలసినంతసేపు కూర్చొని, ఏ పెట్టెనైనా తీసి ఆడుకోవచ్చు. నియమాలు నేర్పడానికి మనుషులుంటారు. దుకాణం దశాబ్దాలుగా ఉచితంగా ఇస్తూ వచ్చిన కుర్చీకి, తోడుకు, బోధనకు అక్కడ ధరలపట్టిక ఉంది. దుకాణం ధరకట్టి అమ్మిన పెట్టె మాత్రం ఉచితం. ఆ హోటలు పేరు స్నేక్స్ అండ్ లాట్టేస్. పేరులోని మొదటి సగం స్నేక్స్ అండ్ లాడర్స్ అనే ఆటది. ఆ ఆట భారతదేశం నుండి ఇంగ్లాండుకు చేరినది, తెలుగు ఇళ్లలో వైకుంఠపాళి పేరుతో పటం పరచి, గవ్వలు వేసి, జాగారపు రాత్రులలో ఆడినది.